గోడ కూలితే ఎవరు కడతారు? దక్షిణ ఇథియోపియాలో ఎనిమిది రోజులు

మొదటి రోజు, అడిస్ అబాబా

సామాను గదిలో పెట్టి, టీ కూడా తాగకుండా ఎంటోటో కొండకు బయల్దేరాను. అడిస్ అబాబా నగరమే 2,300 మీటర్ల ఎత్తున ఉంది, ఎంటోటో ఇంకా పైన. నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. కొండ నిండా జామాయిల్ చెట్లు. ఆ వాసన తగలగానే ధర్మవరం దారిలో ఉన్నట్టే అనిపించింది. ఇక్కడివాళ్ళు దాన్ని ‘బాహిర్ జాఫ్’ అంటారు. సముద్రం అవతలి నుంచి వచ్చిన చెట్టు అని అర్థం.

పదిహేడేళ్ళుగా అనంతపురం జిల్లా పల్లెల్లో వాటర్‌షెడ్ పనులు చేయిస్తున్నాను. వేయించిన రాతి కట్టల్లో చాలావాటి ఆనవాళ్ళు కూడా ఇప్పుడు లేవు. మొదటి రాయి జారిన రోజున దాన్ని తీసి మళ్ళీ పెట్టే మనిషి లేక పోయాయవి. పథకం ఉన్నన్నాళ్ళు కూలి వచ్చింది. పథకం అయిపోయాక కట్ట ఎవరిదో ఎవరికీ తెలియలేదు. ఈ బాధ మా బావకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆయన దక్షిణ ఇథియోపియాలోని అర్బా మించ్‌లో సివిల్ ఇంజనీరింగ్ చెబుతాడు. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో తెలుగు మేష్టార్లు చాలామందే ఉన్నారు. “ఒకసారి వచ్చి కొన్సో కొండల రాతి గట్లు చూసిపో, తర్వాత మాట్లాడుకుందాం” అని పిలిచి పిలిచి చివరికి ఈ ఫిబ్రవరిలో రప్పించాడు.

ఈ జామాయిల్ వెనక ఒక కథ ఉంది. పాతకాలపు ఇథియోపియా రాజులు ఒకచోట స్థిరంగా ఉండేవాళ్ళు కాదు. సైన్యం, పరివారం, వేల పొయ్యిలు. చుట్టుపక్కల అడవి నరికి కట్టెలు అయిపోగానే గుడారాలు ఎత్తి ఇంకోచోటికి పోయేవాళ్ళు. మెనెలిక్ రాజు రాజధాని ఈ కొండ మీదే ఉండేది. 1886లో ఆయన రాణి తైతు కింద వేడినీటి బుగ్గల దగ్గర ఇల్లు కట్టించుకుంది. అదే అడిస్ అబాబా. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఇక్కడా కట్టెలకు కటకట వచ్చింది. 1900 ప్రాంతంలో మెనెలిక్ పడమటి దిక్కున అడిస్ ఆలెం అనే మరో రాజధాని కట్టించడం మొదలుపెట్టాడు. అప్పటికే రాతి కట్టడాలు, విదేశీ రాయబారుల ఇళ్ళు లేచాయి. బిడారు ఎత్తినంత సులువుగా నగరాన్ని ఎత్తలేరు. 1890ల్లో తెచ్చి నాటిన జామాయిల్ ఆ అక్కరకు అందివచ్చింది. నరికితే మళ్ళీ చిగిర్చేది, నాలుగేళ్ళకు కొట్టుకోవచ్చు. నగరం కదలకుండా నిలబడింది.

ఆ చెట్టు నీళ్ళు తాగేస్తుందని తర్వాత తెలుసుకున్నారు. 1913లో చాలా భాగం పెరికేయమని ఆజ్ఞ కూడా వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈరోజు కూడా ఎంటోటో వాలు మీద ఆడవాళ్ళు తమ ఎత్తుకు మించిన కట్టెల మోపులు నడుముకు కట్టుకుని, నేల చూపులు చూస్తూ దిగుతున్నారు. ఆ మోపులు చూశాక నగరం బతికిన కథలో వీళ్ళ వీపులు కూడా ఉన్నాయని అర్థమైంది.

కొండ మీద మెనెలిక్ పాత నివాసం గోడ పక్కన కూర్చుని 1888 గురించి ఆలోచించాను. ఆనాటి కరువును అమ్హారిక్‌లో ‘కిఫు ఖెన్’ అంటారు, చెడ్డ రోజులు అని. 1887లో ఇటలీ సైన్యం కోసం మస్సావా రేవులో దిగిన పశువులతో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వచ్చింది. ఆ పశువులు మన దేశం నుంచి వచ్చినవేనని చరిత్రకారులు రాస్తారు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు గుండె ఒక్కసారి ఆగినట్టయింది. నూటికి తొంభై పశువులు పోయాయి. దున్నే ఎద్దు లేదు. దానికి తోడు వానలు తప్పాయి, మిడతలు పడ్డాయి. 1892 దాకా సాగిన ఆ కరువులో మూడో వంతు జనం పోయి ఉంటారని అంచనా. మెనెలిక్ తన గాదెలు తెరిపించాడు. అంతకన్నా ముఖ్యంగా తానే గునపం చేతబట్టి నేల తవ్వాడు. ఇథియోపియా ఉత్తరాన నాగలి తప్ప గడ్డపార సేద్యం నామోషీ. రాజు తవ్వితే దొరలూ తవ్వాలి, దొరలు తవ్వితే సిపాయిలూ తవ్వాలి.

రెండో రోజు, అర్బా మించ్, దోర్జె

విమానంలో గంట ప్రయాణం. అక్క రవ్వ ఉప్మా చేసి పెట్టి, “ముందు తిను, చెరువులు ఎక్కడికీ పోవు” అంది. అర్బా మించ్ అంటే నలభై బుగ్గలు. పక్కనే అబాయా, చామో అనే రెండు పెద్ద సరస్సులు. అవి దూరం నుంచే చూసి దోర్జె కొండలకు ఎక్కాం.

దోర్జెలో ప్రతి ఇంటి వెనకా అరటి తోటలాంటిది ఉంది. అరటి కాదు, ఎన్‌సెట్. దీని కాయ తినరు. బోదెను, దుంపను తింటారు. నాటిన నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు ఎప్పుడైనా కొట్టుకోవచ్చు. దీని బలమంతా అక్కడే ఉంది. జొన్న అయినా వరి అయినా కోతకు ఒక రోజుంటుంది, ఆ రోజు దాటితే పంట లేదు. ఎన్‌సెట్ ఆగుతుంది. మంచి ఏడు ముట్టుకోరు, చెడ్డ ఏడు కొడతారు.

ఒక పెద్దావిడ బోదెను పలక మీద ఆనించి, వెదురు బద్దతో గీకి గుజ్జు తీస్తోంది. ఆ గుజ్జును ఆకుల్లో చుట్టి గోతిలో పూడ్చి పులియబెడతారు. నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు. మా తాతల కాలంలో జొన్నల పాతరలుండేవి కదా, ఇది పిండి పాతర. తీసి రొట్టె కాల్చి, తేనె, కారంతో పెట్టింది. పుల్లగా ఉంది. నాకు నచ్చింది, బావ మాత్రం పదిహేనేళ్ళుగా తింటున్నా అలవాటు కాలేదంటాడు. 1984-85 కరువులో ఉత్తరాది పల్లెలు తుడిచిపెట్టుకుపోతుంటే, ఎన్‌సెట్ పండే కొండల్లో అంత నాశనం జరగలేదు.

దోర్జె ఇళ్ళు వెదురుతో అల్లినవి, రెండు మూడంతస్తుల ఎత్తు. ఏటా చెదలు అడుగు భాగాన్ని తింటాయి. అడుగు పుచ్చినంత మేర కోసేసి ఇంటిని కిందికి దించుతారు. అలా ఇల్లు ఏటికేడూ పొట్టిదవుతుంది. మొదటే అంత ఎత్తు కట్టేది అందుకే. చెదను ఆపలేమని వాళ్ళకు తెలుసు, ఎన్నేళ్ళలో ఎంత తింటుందో కూడా తెలుసు.

మూడో రోజు, కొన్సో

పొద్దున్నే బావా, నేనూ, డ్రైవరూ బయల్దేరాం. తొంభై కిలోమీటర్లు ఉండదు. చివరి మలుపు తిరగగానే కొండలన్నీ గీతలు గీసినట్టు కనిపించాయి. అడుగు నుంచి శిఖరం దాకా రాతి గట్లు, ఒకదాని మీద ఒకటి. కారు ఆపమన్నాను. పది నిమిషాలు నోట మాట రాలేదు.

యునెస్కో 2011లో కొన్సో నేలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పరిధి 55 చదరపు కిలోమీటర్లు. ఇరవై ఒక్క తరాలు, అంటే 400 ఏళ్ళ పైబడిన పని. నేల ఎండిన నేల, రాళ్ళ నేల, వాలు నేల. వాన వస్తే ధాటిగా వస్తుంది, రాకపోతే రాదు. ఇలాంటి చోట మట్టి ఒక్క తరంలో కొట్టుకుపోవాలి. పోలేదు.

మా గైడ్ కొన్సో కుర్రాడే, కళాశాలలో చదువుతున్నాడు. ఒక పొలంలోకి దింపాడు. గోడ నా భుజాల ఎత్తు ఉంది. కొన్నిచోట్ల ఐదు మీటర్ల దాకా ఉంటాయట. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. గోడ వెనక మడి కొద్దిగా లోపలికి వాలి ఉంది, నీళ్ళు నిలవడానికి. ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక మూల రాళ్ళు పరిచిన దారి ఉంది. అది చూడగానే “అలుగు!” అని అరిచేశాను. గైడ్ ఆ మాట మూడుసార్లు పలికి నేర్చుకున్నాడు.

ఒక్కో మడిలో జొన్న మోళ్ళు, మధ్యలో కంది, పత్తి, గట్టు మీద మునగ చెట్లు. కొన్సో మునగ మనదానికి చుట్టం, కాండం మాత్రం లావు, సీసాలా ఉబ్బి ఉంటుంది. ఎండాకాలంలో అన్నీ మోడైనా ఇది ఆకు వేస్తుంది. మధ్యాహ్నం ఒక ఇంట్లో కుర్‌కుఫా పెట్టారు. జొన్నపిండి ముద్దలు మునగాకుతో ఉడికించింది. ఉప్పు తక్కువ, ఆకు ఎక్కువ. మా ఊళ్ళో ఆషాఢంలో ఒకసారి మునగాకు తినాలంటే మూతి ముడుస్తాం. వీళ్ళకు రోజూ కూర ఇదే. జొన్నలో కూడా ఎన్నో రకాలు కలిపి వేస్తారు. ఒకటి తొందరగా వచ్చేది, ఒకటి వానకు ఓర్చేది, ఒకటి ఎండకు ఓర్చేది. దిగుబడి లెక్కలు వేసేవాళ్ళకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. ఎక్కువ పండించడం వాళ్ళ లెక్క కాదు, ఏ ఏడూ గింజ లేకుండా పోకూడదన్నది లెక్క.

గమోలె ఊరి కింద ఒక చోట గోడ కూలి ఉంది. రెండు బారల వెడల్పు గండి. పైమడి మట్టి నాలుకలా కిందిమడిలోకి జారింది. నెరిసిన గడ్డంతో ఒకాయన రాళ్ళను ఏరి పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు కుప్ప వేస్తున్నాడు. నాకు పదిహేడేళ్ళుగా ఉన్న ప్రశ్న నోటికి వచ్చేసింది.

“ఇది ఎవరు కడతారు?”

గైడ్ అడిగాడు. ఆయన నన్ను చూసి, నాకేదో తెలియని సంగతి ఉందని జాలిపడ్డట్టు నెమ్మదిగా చెప్పాడు. మడి తనది, మొదటి చెయ్యి తనదే. రాళ్ళు సిద్ధం చేశాక చుట్టుపక్కల మడులవాళ్ళు వస్తారు. వాళ్ళకు జొన్న కల్లు పోయాలి. రేపు ఇంకొకరి గోడకు తాను పోవాలి. పైవాడి గోడ పోతే కిందివాడి మడి పోతుంది, అందుకని కిందివాడు అందరికన్నా ముందొస్తాడు.

“రాకపోతే?”

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. గైడ్ రెండోసారి అడిగాడు, అప్పుడూ కాలేదు. నేను వదిలేశాను.

నాలుగో రోజు, గెసెర్గియో, ఊరి లోపల

గెసెర్గియో దగ్గర నేల కోసుకుపోయి ఎర్రమట్టి స్తంభాలుగా మిగిలింది. దూరం నుంచి ఆకాశహర్మ్యాల్లా ఉంటాయని అందరూ దాన్ని న్యూయార్క్ అంటారు. కొన్సో కథ వేరు. తెగ పెద్ద ఢంకాలు ఎవరో దొంగిలించి ఇక్కడ పాతిపెడితే దేవుడే నేల తవ్వి చూపించాడట. ఫొటోలు తీసుకోవడానికి అందమైన చోటే. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. గట్లు లేకపోతే ఈ కొండలన్నీ ఏమై ఉండేవో ఇక్కడ తెలుస్తోంది. లోయ అంచుదాకా వచ్చి ఆగిన మడులు చూస్తే, అక్కడ ఎవరో ఒకరు కాపలా ఉన్నట్టే అనిపించింది.

ఊళ్ళను ‘పలేటా’ అంటారు. శిఖరం మీద, చుట్టూ రాతి ప్రాకారం. జనం పెరిగినకొద్దీ ప్రాకారం బయట ఇంకో ప్రాకారం, కొన్నిచోట్ల ఆరు దాకా. ఇళ్ళ మధ్య దారి ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. పశువులు ఇంటి ఆవరణలోనే కట్టి ఉంటాయి, మేత వాటి దగ్గరికి మోస్తారు. కొండ మీద విడిచి మేపితే గట్లు చెడతాయి. పేడ అంతా మళ్ళీ గంపల్లో పొలానికి. ఆ గంపలు ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తినే. ఆ నిటారు దారిలో నేను ఖాళీ చేతులతో దిగడానికే గైడ్ చెయ్యి పట్టుకున్నాను.

ఊరి మధ్యలో ‘మోరా’ ఉంది. పెద్ద గడ్డికప్పు, కింద బండలు. పగలు పెద్దలు తగవులు తీరుస్తారు. రాత్రి పెళ్ళికాని కుర్రాళ్ళందరూ ఇక్కడే పడుకోవాలి. ఊరంతా గడ్డి ఇళ్ళే, ఒకదానికొకటి ఆనుకుని. నిప్పంటుకుంటే నిమిషాల్లో ఊరు పోతుంది. ఆ అర్ధరాత్రి లేచి ఉరకడానికి వీళ్ళు ఇక్కడ ఉంటారు. పొరుగూరితో పోరు వచ్చినా వీళ్ళే. ఇక్కడ ఒక పని ఉంటే దానికొక వయసు, ఒక వంతు ఉంటాయి. మోరా పక్కన నిలబెట్టిన పొడవాటి మానులు తరాల గుర్తులు. అధికారం ఒక తరం చేతి నుంచి మరో తరం చేతికి పోయినప్పుడల్లా ఒక మాను చేరుస్తారు. కొన్ని ఊళ్ళలో అది పద్దెనిమిదేళ్ళకోసారి. మానులు లెక్కపెడితే ఊరి వయసు తెలుస్తుంది.

సాయంత్రం ‘హర్దా’ చూశాం. రాతి గోడల కుంట, పక్కనే నరకకూడని అడవి. నీళ్ళు అడుగంటాయి. ఎండాకాలంలో పూడిక తీయడం ఊరందరి బాధ్యత. మన పల్లెల్లోనూ కుడిమరామత్తు అని చెరువు పనికి ఇంటికొకరు పోయిన రోజులుండేవి. మా నాయనమ్మ ఆ కబుర్లు చెప్పేది. నేను పుట్టేసరికి అది కబురుగానే మిగిలింది.

ఐదో రోజు, యాబెలో

వంద కిలోమీటర్ల మట్టిదారి. కొన్సో కొండలు దిగాక నేల ఎర్రబడింది, చెట్లు ముళ్ళ చెట్లయ్యాయి, జొన్న పోయి ఆవులు వచ్చాయి. పశువుల మందల మీద బతికే బోరానా ఒరోమోల సీమ. మధ్యాహ్నం ఎండకు నాకు తలనొప్పి పట్టుకుని సాయంత్రం దాకా పడుకున్నాను. రాత్రి భోజనంలో ఒంటె పాల టీ ఇచ్చారు, పొగ వాసనతో. కుండలకు పొగ పట్టించి పాలు పోస్తారట, పాడవకుండా ఉండటానికి.

ఆరో రోజు, డుబ్లుక్ బావులు

తెల్లవారక ముందే దక్షిణానికి బయల్దేరాం. బావుల దగ్గరికి చేరేసరికి దుమ్ము మబ్బులా లేచి ఉంది. వందల ఆవులు, బారులు తీరి, ఒక్కటీ ముందుకు తోసుకోకుండా.

బోరానా సీమలో ‘తులా’ అనే లోతు బావుల గుంపులు తొమ్మిది. డుబ్లుక్ వాటిలో ఒకటి. ఎప్పుడు తవ్వారో లెక్క లేదు, శతాబ్దాల నాటివి. కొన్ని ముప్పై మీటర్ల లోతు. నేలను ముందు పెద్ద కాలువలా వాలుగా కోస్తారు, పశువులు నడుచుకుంటూ దిగడానికి. ఆ వాలు చివర మట్టితో చేసిన తొట్టి. అక్కడి నుంచి బావి నిటారుగా దిగుతుంది. బావి గోడలో కాలు ఆనేంత చోట్లలో మనుషులు ఒకరి తలపై ఒకరు అన్నట్టు నిలబడతారు. అడుగున ఉన్నవాడు ముంచి పైకి విసురుతాడు, పైవాడు అందుకుని పైకి, ఖాళీది కిందికి. ఒకప్పుడు జిరాఫీ తోలుతో, అడవిదున్న తోలుతో చేసిన బొక్కెనలు, ఇప్పుడు పైభాగం కోసిన ప్లాస్టిక్ క్యాన్లు.

పాట లేకుండా ఈ పని సాగదు. అడుగు నుంచి ఒక గొంతు లేస్తుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. లయ తప్పితే చెయ్యి తప్పుతుంది. ఏడుగురు ఉన్నారు నేను చూసిన బావిలో. పాట వినగానే తమ వంతు వచ్చిన ఆవులు వాలు దిగడం మొదలుపెట్టాయి. చిన్నప్పుడు మా పెదనాన్న మోట తోలుతూ పాడేవాడు, ఎద్దులు ఆ పాట చివర తిరిగి వెనక్కి నడిచేవి. అది గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. బావ చూసి పక్కకు తిరిగాడు.

బావికి ‘కొన్ఫి’ ఉంటాడు. అది తవ్వించిన, లేక పూడిపోయిన బావిని మళ్ళీ తవ్వించిన మనిషి వంశం. బావి వాళ్ళ పేరు మీద ఉంటుంది కాని నీళ్ళు అమ్మరు. అమ్మడమనే మాటే తప్పు. వంతులు చూసేవాడు ‘అబ్బా హెరెగా’. హెరెగ అంటే లెక్క. ఏ మంద ఏ రోజు, ఎవరి తర్వాత ఎవరు, ఎవరు బావిలో నిలబడి తోడాలి, తొట్టికి మట్టి ఎవరు మెత్తాలి, ఇవన్నీ ఆయన లెక్కలోవి. మన చెరువుల కింద నీరుగట్టి చేసే పని ఇదే. ఎండాకాలం ముదిరితే ఆవుకు రోజూ నీళ్ళుండవు, మూడు రోజులకోసారి. ఆ మధ్య రోజుల్లో అది దూరం పోయి మేసి వస్తుంది. రోజూ నీళ్ళిస్తే బావి చుట్టూ గడ్డి వారంలో అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. వానలు పడగానే ఈ బావులు వదిలేస్తారు. నీళ్ళున్నా సరే. మందలన్నీ వాన కుంటల వైపు పోవాలి, ఈ గడ్డి ఎండాకాలానికి మిగలాలి. పాడి ఆవులు, దూడలు ఇంటి దగ్గర ఉండే ‘వర్రా’ మందలో. వట్టిపోయినవి, బలమైనవి కుర్రాళ్ళతో దూరం పోయే ‘ఫోరా’ మందలో. దూడల కోసం కంచె వేసిన గడ్డి నేల వేరు, దాన్ని ‘కలో’ అంటారు. కరువు వచ్చాక మందను విడదీయడం ఉండదు. మంచి రోజుల్లోనే మంద రెండుగా బతకడం నేర్చుకుని ఉంటుంది.

నన్ను తొట్టి దాకా దిగనిచ్చారు. ఒక క్యాను అందుకోబోతే బరువుకు చేతులు జారాయి. పక్కనున్న కుర్రాడు పాట ఆపకుండానే పట్టుకున్నాడు.

ఏడో రోజు, యాబెలో చుట్టుపక్కల

ఒక పెద్దాయన ఇంటి ముందు అకేసియా నీడలో పొద్దంతా కూర్చున్నాం. బావ ఒరోమో అంతంతమాత్రం, డ్రైవరే దుబాసీ.

బోరానాలు కాలాన్ని గదా లెక్కతో కొలుస్తారు. ఎనిమిదేళ్ళకొక అబ్బా గదా అనే నాయకుడు, ఎనిమిదేళ్ళకోసారి గుమి గాయో అనే మహాసభలో చట్టాలు తిరిగి చెప్పుకోవడం, మార్చుకోవడం. 2016లో యునెస్కో ఈ గదా పద్ధతిని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలానా కరువు ఎప్పుడంటే ఫలానా అబ్బా గదా కాలంలో అంటారు. మనవాళ్ళు నందన కరువు, ధాత కరువు అని సంవత్సరం పేరు పెట్టుకున్నట్టే. రిండర్‌పెస్ట్ కాలాన్ని నల్ల ఈగల కాలం అన్నాడాయన. పశువుల కళేబరాల మీద ముసిరిన ఈగలు. నూట ముప్పై ఏళ్ళ కిందటి సంగతి, నిన్న చూసినట్టు చెప్పాడు. తండ్రి గదా కాలంలో వచ్చిన ఆపద నలభై ఏళ్ళకు కొడుకు గదా కాలంలో తిరిగి వస్తుందని వాళ్ళ నమ్మకం. మూఢనమ్మకం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకైతే, ప్రతి తరానికీ తమ వంతు చెడ్డకాలం ఉందని ముందే చెప్పిపెట్టే ఏర్పాటులా వినిపించింది.

మందంతా పోయినవాడి సంగతేమిటని అడిగాను.

“బుసా గొనోఫా,” అన్నాడు.

వంశం కూర్చుంటుంది. పోయినవాడు లేచి తనకేమి మిగిలిందో చెబుతాడు. అజాగ్రత్తవల్ల పోగొట్టుకుంటే ముందు చీవాట్లు పెడతారు. తర్వాత ఉన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పెయ్యనో, చూడి ఆవునో ఇస్తారు. అది దానం కాదు, వంశంలో పుట్టినవాడి హక్కు. పాలకోసం ఆవును కొంతకాలం వాడుకొమ్మని ఇవ్వడం వేరు, దాన్ని ‘దబరె’ అంటారు. ఒక్క కుటుంబం మందంతా ఒక్కచోట ఉండకుండా ఇలా పది గుమ్మాలకు చెదిరి ఉంటుంది. ఒక చోట రోగం వస్తే ఇంకోచోట మిగులుతుంది.

“2020లో మొదలైన కరువులోనూ ఇచ్చారా?”

పెద్దాయన కాసేపు నేల మీద కర్రతో గీస్తూ ఉండిపోయాడు. వరసగా ఐదు వానకాలాలు తప్పాయి. బోరానాలో లక్షల పశువులు పోయాయి. డుబ్లుక్ చుట్టూ గుడారాల్లో జనం. ఇవ్వాల్సినవాళ్ళ దగ్గరే ఏమీ లేకపోతే ఎవరిస్తారు, అన్నాడు. 2023లో వాన పడ్డాక బతికిన కొద్దిపాటి పెయ్యలు మళ్ళీ చేతులు మారడం మొదలైంది. ఆయన కొడుక్కి రెండు వచ్చాయి.

ఇంకో మాట ఆయన కోపంగా చెప్పాడు. పూర్వం గడ్డి నేలల్ని కొన్నేళ్ళకోసారి తగలబెట్టేవాళ్ళు. ముళ్ళ పొదలు, పేలు చచ్చి, వానకు కొత్త గడ్డి వచ్చేది. 1970ల్లో ప్రభుత్వం నిప్పు పెట్టడం నిషేధించింది. అడవిని కాపాడాలని. నలభై ఏళ్ళలో పొదలు గడ్డిని మింగేశాయి. ఆయన చెయ్యి చాపి చూపించిన వైపంతా ముళ్ళే. మంచి ఉద్దేశంతో చేసిన పనే కావచ్చు. గడ్డి మీద బతికేవాళ్ళను ఒక్క మాట అడిగి ఉంటే చాలు కదా అనిపించింది. మా జిల్లాలో నేను కట్టించిన కట్టల్లో ఎన్ని చోట్ల ఆ రైతును అడిగానో ఆ నీడలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను. తక్కువే.

ఎనిమిదో రోజు, తిరుగు ప్రయాణం

అర్బా మించ్‌కు మళ్ళీ కొన్సో మీదుగానే. గమోలె కింద కారు ఆపమని డ్రైవరును అడిగాను. బావ “ఎండ బాగా ఉంది, త్వరగా వచ్చెయ్” అన్నాడు.

గండి పూడింది. కొత్త గోడలో రాళ్ళు మట్టి అంటి ఎర్రగా ఉన్నాయి, పాతవి నల్లబడి. అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ రంగు వల్లే తెలిసింది. పెద్ద రాళ్ళు అడుగున, చిన్నవి సందుల్లో, ఆయన ఆ రోజు కుప్పలు వేసినట్టే. మూలన అలుగు దారి కూడా కొత్తగా రాళ్ళు పరిచి ఉంది. జారిన మట్టిని గంపలతో తిరిగి పైమడికి ఎక్కించినట్టున్నారు, మడి చదునుగా ఉంది. గోడ కింద ఖాళీ సొరకాయ బుర్ర ఒకటి దొర్లుతోంది, కల్లు వాసన ఇంకా పోలేదు.

పొలంలో ఎవరూ లేరు. పై మడుల్లో ఎక్కడో నలుగురైదుగురు ఇంకో గోడ మీద వంగి ఉన్నారు. రాయి మీద రాయి పడే చప్పుడు కిందిదాకా వినిపించింది.